చీపురుపుల్ల కొలత

ఈ శ్రావణమాసంలో వరలక్ష్మీ వ్రతంనాడు పేరంటానికి వచ్చిన ముత్తయిదువలందరికీ కాళ్ళకు పసుపు రాసుకుంటూ వచ్చి, వరుసలో చివర కూర్చున్న నా కూతురి ముందు పీట వేసుకున్నాను. నలభై దాటిన మనిషి, బెంగళూరులో కాపురం, పండగకని రెండు రోజుల కోసం వచ్చింది. నువ్వు నా కాళ్ళు పట్టుకోవడమేమిటమ్మా అని పాదాలు కుచ్చెళ్ళ కిందికి లాక్కుంది గానీ, నోములో కూతురేమిటి కోడలేమిటి, కూర్చున్నది ముత్తయిదువ, అంతే అని కసిరి నేనే పాదం ముందుకు లాగాను. మడమకు, అంచులకు బాగానే రాశాను గానీ, పసుపు చెయ్యి వేళ్ళ దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయింది. సన్నగా, పొడుగ్గా ఉన్న ఆ పాదానికి చివర ఐదు వేళ్ళూ కొక్కేల్లాగా కిందికి వంగిపోయి ఉన్నాయి. వాటి సందుల్లోకి పసుపు పోవడం లేదు. అవి అలా వంగడానికి కారణం ఎవరో నాకు పదిహేనేళ్ళుగా తెలుసు. మరెవరో కాదు, నేనే.

మా ఈడువాళ్ళలో పిల్లల్ని కాన్వెంటు బడికి పంపినవాళ్ళెవరికైనా బూట్ల బాధ కొత్త కాదు. మేము పెరిగిన కాలంలో బడికి చెప్పులే లేవు, ఆ లేకపోవడం ఒక లోటనీ తెలియదు. మా పిల్లల దగ్గరికి వచ్చేసరికి నల్ల బూట్లు, తెల్ల మేజోళ్ళు, మెడకు టై. అప్పుడు నేను తిరుపతిలో టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా చేసేదాన్ని. మా ఆయనది చిత్తూరులో ఉద్యోగం, పొద్దున బస్సెక్కితే దీపాలు పెట్టే వేళకు ఇల్లు చేరేవారు. ఇంట్లో మా అత్త, నా కూతురు, అంతే. ఆ బడిలో దాని సీటు కోసం మా ఆయన ఒక ఎండాకాలమంతా తిరగని గుమ్మం లేదు, పట్టని సిఫార్సు లేదు. అట్లా దొరికిన సీటు గనుక, ఆ బడివాళ్ళు ఏం చెప్పినా మాకది వేదమే. ఆడపిల్లలకు పట్టీ ఉన్న నల్ల బూట్లు, మగపిల్లలకు లేసులున్న నల్ల బూట్లు అన్నారు. తలూపి వచ్చాం.

నా కూతురి పాదాలేమో మా అత్త పాదాలు. అరచెయ్యి అడ్డం పెడితే మూడు వేళ్ళకు మించని వెడల్పు. మా అత్తకు వాటిని చూస్తే ఎంత మురిపెమో! స్నానం చేయించినప్పుడల్లా, మా పుట్టింటి కాళ్ళే ఇవి, ఎంత సన్నంగా ఉండాయో సూడు అని ముద్దు పెట్టుకునేది. ఆమెకేం, కాలికి చెప్పు తొడిగిన పాపాన పోలేదు, కొండకు ఎన్నిసార్లు నడిచి ఎక్కిందో ఆమెకే లెక్క తెలియదు. ఆ సన్నపు కాళ్ళకు బూట్లు తెచ్చే కష్టం మాకు వదిలేసింది.

ఇక మేము బూట్లు కొనే తీరు చెప్పాలి, చదువుతూ మీరూ నవ్వుకుంటారు, ఎందుకంటే మీ ఇంట్లోనూ ఇదే జరిగి ఉంటుంది. బిడ్డను అంగడికి తీసుకుపోయే తీరిక ఎవరికుంది? నిద్రపోతున్న పిల్ల అరికాలికి ఒక చీపురుపుల్ల ఆనించి, మడమ నుంచి బొటనవేలి దాకా కొలిచి, పెరిగే కాలు గదా అని ఇంకో వేలెడు కలిపి విరిచేవాళ్ళం. ఆ పుల్ల మా ఆయన చొక్కా జేబులో పెన్ను పక్కన ప్రయాణం చేసేది. అంగడివాడు దాన్ని బూటులోకి దూర్చి చూసి, సరిపోయిందనేవాడు, వాడూ ఇంకో సైజు కలిపేవాడు. పుల్లకు పొడుగుంటుంది గానీ వెడల్పెక్కడిది! మొగుడూ పెళ్ళాం ఇద్దరం చదువుకున్నవాళ్ళమే, ఒక్కరికీ ఆ ముక్క తట్టలేదంటే మా తెలివిని ఏమనాలో మీరే చెప్పండి.

మొదటి జత గాంధీరోడ్డులో కొన్నాం, వేసుకుని నాలుగడుగులు వేసేసరికి పిల్ల ముందు, బూటు వెనక. ముందుభాగంలో దూది కుక్కాను, దూది అణిగిపోతే పాత చీర గుడ్డ, గుడ్డ తడిస్తే న్యూస్‌పేపరు. దబ్బనం కాల్చి పట్టీకి ఇంకో రెండు చిల్లులు పెట్టాను. మడమలు బొబ్బలెక్కితే కొబ్బరినూనె రాశాను. చిన్న సైజు తెస్తే పక్కలు సరిపోయినట్టే ఉండి, ముందు వేళ్ళు ఇరుక్కుని గోళ్ళు నల్లబడ్డాయి. ఆఫీసు పని మీద మద్రాసు పోయిన మా ఆయన, అక్కడైతే దొరక్కపోదని ఆ పుల్లనే పట్టుకుపోయి, అద్దంలా మెరిసే జత ఒకటి పెట్టెలో పెట్టించుకుని తెచ్చారు, అవి అన్నిటికంటే వెడల్పు. నవ్వాలో ఏడవాలో తెలియక ఆ పెట్టె ముందు పెట్టుకుని కూర్చున్నాను. పిల్ల నడుస్తుంటే ఇల్లంతా టపటపమని చప్పుడు, ఆ చప్పుడు వింటే నాకు ఒళ్ళు మండేది. కాళ్ళీడ్చకుండా నడవలేవా అని రోజుకు పదిసార్లు అరిచేదాన్ని. బూటు మీద రావలసిన కోపం బిడ్డ మీద చూపించాను, దాచుకుని ఏం లాభం.

అది మూడో తరగతిలో ఉండగా ఆగస్టు పదిహేనుకు బళ్ళో పిల్లల కవాతు పెట్టారు, క్లాసుకొక జెండా, మూడో తరగతి జెండా పట్టుకుని ముందు నడవడానికి దీన్ని ఎంచారు. ఆ సంతోషం చెప్పలేను. గరిటె జెండాలాగా పట్టుకుని వంటింట్లోంచి వీధివాకిలి దాకా, వీధివాకిలి నుంచి వంటింట్లోకి ఒకటే నడక, వాళ్ళవ్వ ఎదురొస్తే ఆమెకొక సలాము. పడుకునేముందు మాత్రం, బూటు ఊడిపోతే ఎట్లమ్మా అని రోజూ అడిగేది. ఊడదులే పడుకో అనేదాన్ని, ఎట్లా ఊడదో నాకూ తెలియకుండానే.

చివరికి మా నాయన చెబితే, ఒక ఆదివారం దాన్ని మా పుట్టింటికి చిత్తూరుకు తీసుకుపోయాను. నా చిన్నప్పటి నుంచీ మా నాయనకు చెప్పులు కుట్టిన సాయిబు ఒకాయన బజారువీధిలో ఒక్క గది అంగడిలో ఉండేవాడు. నేను అలవాటుకొద్దీ పుల్ల తీసి ఇచ్చాను. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి నవ్వి, "ఇదేం కొలతమ్మా, బిడ్డ కాలు యాడుండాది ఇందులో?" అని పుల్ల బయటికి విసిరేసి, పిల్ల పాదం తీసి తన ఒళ్ళో పెట్టుకున్నాడు. కాగితం మీద పాదం చుట్టూ పెన్సిల్ గీత గీశాడు, కాగితం పట్టీలు చింపి పాదానికి మూడుచోట్ల చుట్టి గుర్తులు పెట్టాడు. ఈ కాలికి చెక్కతో అచ్చు చేసి, దాని మీద కుడతానన్నాడు. "ఈ కాలికి పట్టీ నిలవదమ్మా, లేసు కట్టాల, అప్పుడే రెండు పక్కలా పట్టుకుంటాది. పదైదు దినాలకు రాండి" అన్నాడు. ఆడపిల్లలకు లేసులు కూడదని బడివాళ్ళు చెప్పిన మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. చెబితే కుట్టనంటాడేమోనని చెప్పలేదు, అయినా నల్లగా ఉంటే చాలదా, ఇంతమందిలో ఎవరు చూడొచ్చారులే అనుకున్నాను.

ఆ బూట్లు తొడిగిన రోజు నాకిప్పటికీ కళ్ళకు కట్టినట్టుంది. లేసులు బిగించి ముడివేయగానే పిల్ల లేచి నిలబడి, నాలుగడుగులు వేసి, బజారువీధిలో ఆ చివరి నుంచి ఈ చివరికి పరుగెత్తుకుంటూ వచ్చింది. ఒక్క చప్పుడు లేదు. రొప్పుతూ నా చీర పట్టుకుని, "అమ్మా, బూటే నా కాలిని పట్టుకోనుండాది!" అంది. అన్నాళ్ళూ కాలే బూటును పట్టుకుని తిరిగిందని అప్పుడైనా నాకు అర్థం కావలసింది.

వాటితో రెండు రోజులే బడికి పోయింది. మూడో రోజు కవాతు నేర్పే టీచరమ్మ చూసి, ఇవి మగపిల్లల బూట్లని వరుసలోంచి తప్పించి, చీటీ రాసి పంపింది. డ్యూటీలో పర్మిషన్ తీసుకుని పరుగెత్తాను. పిల్ల నా పక్కనే నిలబడి ఉంది. ఆ టీచరమ్మ నన్ను కూర్చోమనలేదు, రూలు అందరికీ ఒకటేనమ్మా, పాటించలేకపోతే ఈ సీటు కోసం కాచుకున్నవాళ్ళు చాలామంది ఉన్నారంది. ఒక్కసారి నా బిడ్డ కాళ్ళు చూడండి మేడమ్ అని అడగాలనే పోయాను. సీటు అనే మాట వినగానే చేతులు కట్టుకుని, సరే మేడమ్, సరే మేడమ్ అని రెండుసార్లు అని వచ్చేశాను. ఫోనులో ఊరూరివాళ్ళతో అంత గట్టిగా మాట్లాడేదాన్ని, అక్కడ ఏమైందో నా గొంతుకు.

ఆగస్టు పదిహేనుకు మద్రాసు బూట్లే తొడిగాను, లోపల గుడ్డలు కుక్కి, పైన కనబడకుండా నల్లదారం చుట్టి. ముందురోజు వాన పడి గ్రౌండంతా బురద. నేనూ మా అత్తా కంచె దగ్గర నిలబడి చూస్తున్నాం. జెండా నిటారుగా పట్టుకుని వస్తున్నది నా బిడ్డే అని పక్కనున్నావిడకు చూపిస్తూనే ఉన్నాను, పెద్దమనుషుల ముందు మలుపు తిరిగేచోట దాని ఎడమ బూటు బురదలో ఉండిపోయింది. పిల్ల ఆగలేదు. మేజోడు కాలు బురదలో వేసుకుంటూ, తల తిప్పకుండా నడిచింది. వెనకపిల్లలు ఆ బూటు తట్టుకుని ఒకరిమీదొకరు పడ్డారు, వరుస చెదిరింది, అందరూ గొల్లుమని నవ్వారు. అంతా అయ్యాక నా దగ్గరికి పరుగెత్తుకొచ్చిన పిల్లను దగ్గరికి తీసుకోవలసిన నేను, నలుగురిలో పరువు తీసినావు గదే అని వీపు మీద ఒకటి వేశాను. మా అత్త నా చెయ్యి పట్టుకుని, "బిడ్డదేం తప్పుండాది, దాన్నెందుకు కొడతావు" అని నన్ను పక్కకు నెట్టి, పోయి బురదలోంచి బూటు తీసి కొళాయి కింద కడిగి తన చీర చెంగుతో తుడిచింది. ఆమె అంతకుముందూ ఆ తర్వాతా నన్ను ఒక్క మాటనలేదు.

ఆ రోజు నుంచి నా కూతురు బూట్ల గురించి మాట్లాడటం మానేసింది. సరిపోయినాయా అంటే, సరిపోయినాయమ్మా అనేది. ఏటా అదే పుల్ల కొలత, అదే పట్టీ బూటు, అదే జవాబు. టపటప చప్పుడు కూడా పోయింది. కాళ్ళు ఒళ్ళు చేసినట్టున్నాయి, పీడ విరగడైందని ఎక్స్ఛేంజిలో తోటివాళ్ళతో చెప్పుకుని సంబరపడ్డాను. చప్పుడు ఎట్లా ఆగిందని ఒక్కనాడూ మేజోడు విప్పి చూడలేదు. మరుసటేడు చిత్తూరులో సాయిబు ఎదురుపడి బిడ్డకు సరిపోయినాయామ్మా అని అడిగితే, బాగా సరిపోయినాయి భాయ్ అన్నాను. అచ్చు భద్రంగా పెట్టుండానమ్మా, ఏడాదేడాదికి దాని మీద తోలుముక్క అతికిస్తా, బిడ్డ కాలితో పాటే అదీ పెరుగుతాది, ఊరికే తీసుకురాండి చాలు అన్నాడు. వస్తానన్నాను. తర్వాత పుట్టింటికి పోయినప్పుడల్లా బజారువీధి తప్పించి సందులోంచి పోయేదాన్ని. లేసుల బూట్లు అటక మీద చాన్నాళ్ళుండి, ఎవరి పిల్లలకిచ్చినా కాలికి పట్టక తిరిగొచ్చి, తోలు బిగుసుకుపోయి ఎటో పోయాయి.

పదిహేనేళ్ళ కిందట దాని పెళ్ళిపీటల మీద అల్లుడు మెట్టె తొడగబోతే అది వంగిన వేలి కణుపు దాటి లోపలికి పోలేదు. పురోహితుడు తొందరపెడుతుంటే కంసాలిని పిలిపించి మెట్టె విప్పదీసి ఎట్లాగో తొడిగించాం. సాయంత్రం దాన్ని పక్కకు తీసుకుపోయి అడిగితే, బడి బూట్లు ఊడకుండా వేళ్ళతో గట్టిగా పట్టుకోని నడిచేదాన్ని గదమ్మా, అట్లనే నిలిచిపోయినాయి అని నవ్వేసింది. పెళ్ళి సందడిలో నేనూ ఇంకేమీ అడగలేకపోయాను.

ఈ పేరంటంలో పసుపు చేత్తో అడిగాను, ఒక్కమాట నాకు చెప్పి ఉండొచ్చు గదే, కొడతాననా అని. అది చుట్టూ ఉన్నవాళ్ళను చూసి గొంతు తగ్గించి, "కొడతావని కాదమ్మా. చెప్తే నువ్వు మళ్ళా పోయి ఆ టీచరమ్మ ముందర చేతులు కట్టుకోని నిలబడాల గదా" అంది. నాకు ఏడుపు ఆగలేదు. మూడో తరగతి పిల్ల, తల్లి పరువు కాపాడటానికి ఏడేళ్ళు వేళ్ళు ముడుచుకుని నడిచింది! ఆ పరువు నేను వీపు మీద కొట్టి మరీ దానికి గుర్తుచేసిన పరువు.

ఇప్పుడు అదే గాంధీరోడ్డులో ఏ అంగడికి పోయినా బిడ్డ కాలు పలక మీద పెట్టించి పొడుగూ వెడల్పూ రెండూ చూస్తున్నారు, లేసులూ, అంటించుకునే వెల్క్రో పట్టీలూ ఆడామగా తేడా లేకుండా అందరూ వేసుకుంటున్నారు, ఇష్టం లేకపోతే పిల్లలే మొహం మీద చెబుతున్నారు, తల్లులు బడికి పోయి గట్టిగా అడుగుతున్నారు. సాయిబు అంగడి ఉన్నచోట సెల్‌ఫోన్లు అమ్ముతున్నారు, ఆ చెక్క అచ్చు ఏ పొయ్యిలోకి పోయిందో. పేరంటం మరునాడు నా కూతురు ఊరికి బయలుదేరుతూ గడప దగ్గర చెప్పులు తొడుక్కుంది. మెత్తటివి, మడమ చుట్టూ పట్టీ ఉన్నవి, సరిగ్గా దాని కాలి కొలతకే తీసుకున్నవి, ఊడిపోయే మాటే లేదు. అయినా అది మెట్లు దిగి పోతున్నంతసేపూ చూశాను, ఆ వేళ్ళు చెప్పులను గట్టిగా పట్టుకునే ఉన్నాయి.