ఎండిన ఏటికి గేజి

శారదా నదిలో కలిసే ఏరొకటి చీడికాడ వైపు నుంచి వస్తుంది. అక్కడ ఒక గేజి కర్ర పాతి ఉండేది, అడుగులూ అంగుళాలూ రంగుతో గీసి. పొద్దున్న ఆరింటికి, సాయంత్రం ఆరింటికి నీరెంతుందో చూసి కార్డు రాసి పంపడానికి సర్కారు ఒక మనిషికి జీతం ఇచ్చేది. ఆయన గిన్నెలకు కళాయి పోసే సాయిబు. ఆ కార్డులను అనకాపల్లి ఆఫీసులో రిజిస్టరుకి ఎక్కించే గుమాస్తాని నేను. అవి యుద్ధం రోజులు. నాకు ఇరవై మూడేళ్లు. ఇంగ్లీషు బాగా రాస్తానన్న పొగరు మాత్రం వయసుకు మించి ఉండేది.

సాయిబు అంకెలతో ఊరుకునేవాడు కాదు. కార్డు మీద మిగిలిన జాగా అంతా నింపేవాడు. కొండ మీద మబ్బు పట్టిందనీ, నీళ్లు ఎర్రగా తిరిగాయనీ. నా రిజిస్టరులో మాటలకు గడి లేదు. అంకె మాత్రం మక్కికి మక్కి దించి, కార్డులు కట్టకట్టి అటక మీద పడేసేవాణ్ణి. ఎండాకాలమంతా సున్నాలే. ఒక సున్నా పెట్టి కింద వరసగా డిటోలు గీసుకుంటూ పోవడం, అంతే నా పని.

ఎగువన వాన పడితే సాయిబు కార్డుని నమ్ముకోకుండా, పెట్రోలు కరువుకి బొగ్గుతో నడిచే పొద్దున్న బస్సు డ్రైవరుతో కబురంపేవాడు. శారద ఇసుకలో పుచ్చపాదులు వేసుకునే ఒకావిడ రోజూ బస్సు వచ్చాక మా కిటికీ దగ్గర నిలబడేది. "ఏటి కబురేటైనా వచ్చిందా బాబూ?" లేదంటే వెళ్లిపోయేది. ఒక ఏడు మే నెలలో కబురొస్తే మొగుడూ పెళ్లాలు గట్టెక్కారు, పాదులే పోయాయి. ఆ నీరు మిట్టమధ్యాహ్నం వచ్చి, సాయంత్రం ఆరింటికి గేజి చూసే వేళకల్లా తీసేసింది. నా రిజిస్టరులో ఆ రోజూ డిటోయే.

ఆ తర్వాత మదరాసు నుంచి తాకీదు. యుద్ధం ఖర్చులు పెరిగాయి, అక్కర్లేని గేజిలు ఎత్తెయ్యాలి, ఏవి ఉంచాలో రాయండి అని. ఓవర్సీరు గారు నా మీద పడేశారు. నేను రిజిస్టరు తిరగేసి, ఏడాదిలో ఐదు నెలలు చుక్క నీరు లేని ఏటికి గేజి అనవసరమని చక్కటి ఇంగ్లీషులో రాశాను. ఆ వాక్యాన్ని రెండుసార్లు చదువుకుని మురిసిపోయాను కూడా. ఆయన సంతకం పెట్టారు.

సాయిబు ఆఖరి కార్డు తనే పట్టుకొచ్చాడు.

"నా జీతం మాట కాదు బాబూ. దాన్ని ఎండల్లోనే సూడాల. వానల్లో ఏరు ఎవుడికైనా కనపడతాది."

"ఎండిన ఏటికి కాపలా ఏమిటి సాయిబూ?" అని నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

మరుసటి మే నెల. పాదులావిడ ఎప్పటిలాగే కిటికీ దగ్గరికొచ్చింది.

"కబురేటైనా వచ్చిందా బాబూ?"

ఉక్కబోత, ముందు ఫైళ్ల గుట్ట. తలెత్తకుండానే, "ఏ కబురూ రాలేదు" అన్నాను. ఇక రాదనీ, ఆ మనిషిని తీసేశారనీ ఇంకొక్క మాట అంటే నా సొమ్మేం పోయేది?

"అయితే బయం నేదు" అని, గంప ఎత్తుకుని బజారుకి వెళ్లింది. మధ్యాహ్నం ఏరు పొంగి శారద మీదికి వచ్చిపడింది. మొగుడు పాదుల్లో కాయలు కోస్తున్నాడు. రెండో రోజు దిగువన దొరికాడు.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, మరుసటి ఏడు గేజి మళ్లీ పెట్టారు. సాయిబునీ పిలిచారు. రిజిస్టరులో మాటలకొక గడి నేనే స్కేలు పెట్టి గీశాను. ఆవిడ మాత్రం మళ్లీ ఇసుకలోకి దిగలేదు. కొని తెచ్చిన కాయలు బజారులో అమ్ముకునేది. ఒకరోజు ఎలాగో ధైర్యం చేసి ఎదురుగా నిలబడ్డాను. ఏం చెప్పాలో కూడబలుక్కునే లోపే ఆవిడే అంది.

"మీరేటి సేత్తారు బాబూ? కబురు రానేదని ఉన్నమాటే సెప్పేరు."

ఒక కాయ ఏరి నా చేతిలో పెట్టింది. కబురెందుకు రాలేదో ఆ రోజు కూడా చెప్పకుండానే, ఆ కాయ పట్టుకుని ఇంటికొచ్చాను.