పదిహేడు అడుగుల నాలుగు అంగుళాలు

మా నాయన వదిలిపోయిన ఇల్లు ధర్మవరంలో ఉంది. పొడవు ముప్పై నాలుగు అడుగుల ఎనిమిది అంగుళాలు, వెడల్పు పన్నెండు అడుగులు. ఈ అంకెలు నాకు ఇప్పటికీ కంఠస్థమే. ఆ ఇంట్లో ఒకే మగ్గం. దాని మీద మా తమ్ముడు పట్టుచీరలు నేసేవాడు. నేను చిన్నప్పుడే హిందూపురం చేరి బెల్లం మండీలో గుమాస్తాగా కుదిరాను. చదువు మూడో తరగతితో ఆగింది. వాటాలు వేయడం, భిన్నాలు తెంపడం, కొలతలు కట్టడం ఎవరూ నేర్పకుండానే నేర్చుకున్నాను. ఆ సంగతి మీద నాకు కొంత గర్వం ఉండేదని ఒప్పుకోవాలి.

వకీలు ఆఫీసు అంటే ఏమిటో నేను మొదట చూసింది మండీ పని మీదే. యుద్ధం నడుస్తున్న ఏళ్లు. మా యజమాని ఇంకో ఇద్దరిని వ్యాపారంలో కలుపుకొని పెనుకొండ వకీలు దగ్గర భాగస్వామ్య పత్రం రాయించుకున్నాడు. పదహారణాల్లో ఎవరి వాటా ఎంతో వివరించడానికి నన్ను వెంట తీసుకుపోయాడు.

వకీలంటే కోర్టులో పోట్లాడేవాడని అంతవరకు నా నమ్మకం. ఆ రోజు వసారాలో మా వంతు వచ్చేదాకా కూర్చొని లెక్కపెట్టాను. మొత్తం పదకొండు మంది వచ్చారు. దావా ఉన్నవాళ్లు ముగ్గురే. ఎర్రమంచి నుంచి వచ్చిన ఒక ముసలాయన వీలునామా రాయించుకున్నాడు. అగళి నుంచి వచ్చిన ఒకామె సగం కన్నడం, సగం తెలుగు మాట్లాడుతూ తన పొలం వ్యవహారం చూసే అధికారం తమ్ముడికి రాసిచ్చింది. ఒక బట్టల వర్తకుడు నోటీసు పంపించి, నవ్వుకుంటూ వెళ్లిపోయాడు. దావా లేనివాళ్లు ఎనిమిది మంది ఎందుకు వచ్చినట్టు? ఈ లెక్క నాకు తెగలేదు. వకీలునే అడిగాను.

"కొట్టుకున్నాక వచ్చేటోళ్లు కొందరు, కొట్టుకోకుండా ఉండనీకి వచ్చేటోళ్లు కొందరు. రెండూ మా పనేనప్పా. నోటిమాట ఒక తరమే బతుకుతాది" అన్నాడు ఆయన.

ఆ మాట నా తలలో తిష్ఠ వేసింది. నాకూ తమ్ముడికీ ఏ తగవూ లేదు. కానీ ఇంటికి కాగితం కూడా లేదు. మా తర్వాత మా బిడ్డలు కొట్టుకుంటే? పాలు పంచుకొని పత్రం రాయించుకుందామని తమ్ముడికి కార్డు రాశాను. 'నీ ఇష్టం అన్నా' అని జవాబు వచ్చింది.

కొలతలకు అమావాస్య రోజు ఎంచుకున్నాను. అమావాస్యకు మగ్గం ఆడదు, కనుక తమ్ముడికి పని చెడదు. పైగా మగ్గానికి నిలువు దారాలుగా కట్టే పడుగు పాతది ఆ వారమే ముగిసింది, కొత్తది ఇంకా ఎక్కలేదు. నేను పోయేసరికి నేసేవాడు కాళ్లు పెట్టుకొనే గుంత మీద పలక మూసి, దాని మీద చాప పరిచి ఉంది. ఇల్లంతా ఖాళీగా, కొలవడానికి అనువుగా కనిపించింది. గుడ్డ టేపు పట్టి గోడ నుంచి గోడకు రెండుసార్లు కొలిచాను. సగం పదిహేడు అడుగుల నాలుగు అంగుళాలు. ఒక్కో భాగం రెండు వందల ఎనిమిది చదరపు అడుగులు. ఒక్క అంగుళం మిగల్లేదు, తగ్గలేదు. నేల మీద సుద్దతో అడ్డంగా గీత గీశాను. వీధి వైపు ఒక భాగం, వంటగది వైపు ఒక భాగం, మధ్యలో గోడ.

తలుపు చాటు నుంచి మరదలు తన మొగుడితో అంటోంది: "అమావాస్య నాడు ఈ కొలతలేంది? కొత్త పడుగు యాడ సాగదీయల్లో మీ అన్నను అడుగు."

"నువ్వు ఊరుకో" అన్నాడు తమ్ముడు.

నాకు వినిపించింది. ఆడవాళ్ల బెంగ అనుకున్నాను. మా వైపు పద్ధతి ఒకటుంది: పెద్దవాడు పంచాలి, చిన్నవాడు ఏరుకోవాలి. పంచేటప్పుడు చిన్నవాడు నోరెత్తకూడదు, ఏరుకొనేటప్పుడు పెద్దవాడు నోరెత్తకూడదు. తమ్ముడు ఆ పద్ధతి ప్రకారమే మౌనంగా ఉన్నాడు. ఆ మౌనాన్ని నేను ఒప్పుదల కింద వేసుకున్నాను.

పెనుకొండ మా ఇద్దరికీ మధ్యలో ఉంటుంది. అనుకున్న రోజున దక్షిణం నుంచి వచ్చే రైల్లో తమ్ముడు రావాలి, ఉత్తరం పోయే రైల్లో నేను పోవాలి అని రాశాను. రాసిన తర్వాత చూసుకుంటే తమ్ముడి దిక్కు తారుమారైంది, ధర్మవరం ఉన్నది ఉత్తరాన. అంత సులువైన సంగతిలో తప్పు పోవడం నాకు అలవాటు లేదు. ఏదైతేనేం, ఎవరి రైల్లో వాళ్లు వచ్చి ఆఫీసు దగ్గర కలుసుకున్నాము.

వకీలు గుమాస్తా పెద్ద వయసువాడు. చెవి మీద కలం. పత్రం చివర ఇంటి వివరం రాసేది ఆయనే. నా కొలతలు చూసి మెచ్చుకుంటాడని కూర్చున్నాను. తూర్పున ఏముంది, పడమట ఏముందని అడిగి రాసుకుంటూ పోయి, హఠాత్తుగా కలం ఆపాడు.

"ఏమబ్బా, నేసేటోళ్లే కదా మీరు? మగ్గం ఏ భాగంలో ఉండాది?"

"గుంత వీధి గోడకు నాలుగు అడుగుల దూరంలో ఉంది. వీధి భాగంలోకి వస్తుంది" అన్నాను.

"పడుగు కట్టే గుంజ?"

నేను తమ్ముడి వైపు చూశాను. అతను నేల చూస్తూ చెప్పాడు. "గుంత కాడ్నించి పద్నాలుగు మూరలు, సామీ."

మూర అంటే అడుగున్నర. పద్నాలుగు మూరలు ఇరవై ఒక్క అడుగులు. దానికి నాలుగు కలిపితే ఇరవై అయిదు. నా గోడ పదిహేడు అడుగుల నాలుగు అంగుళాల దగ్గర ఉంది. అంటే నేత నేసేవాడు గోడకు ఇవతల, పడుగు చివర గోడకు అవతల ఏడడుగుల ఎనిమిది అంగుళాల దూరంలో.

గుమాస్తా నవ్వాడు. "గోడకు బెజ్జం పెట్టి పడుగు దూర్చేదా? నేత ఒక ఇంట్లో, నూలు ఇంకో ఇంట్లో. బలే పంచినావే!"

నా చెవులు వేడెక్కాయి. మగ్గం ఉన్న ఇంట్లోనే పుట్టాను. ఆ పడుగు కింద దూరి ఆడుకున్నవాణ్ణి. ఖాళీ రోజున ఖాళీ ఇల్లు కొలిచాను, అంతే. తమ్ముణ్ణి అడిగాను.

"ఆ రోజే చెప్పకపోతివి?"

"నువ్వు పంచుతాంటే నేనెట్ల చెప్పేదన్నా?"

"మగ్గం పోతే ఏం చేద్దామనుకుంటివి?"

"ఏమో. బెంగుళూరు మిల్లుకు పోదామని అనుకుంటాంటి."

అప్పటికి గాని నాకు అర్థం కాలేదు, నేను గీసిన గీత వాడి బతుకును రెండు ముక్కలు చేయబోయిందని. అర్థమయ్యాక అయోమయం ఇంకా పెరిగింది. రెండు వందల ఎనిమిదికి రెండు వందల ఎనిమిది సమానమే కదా. సమానమైనది తప్పెట్లా అవుతుంది?

అట్లయితే ఇంటిని నిలువుగా చీల్చమని వకీలుకు చెప్పాను. పన్నెండు అడుగులను రెండు చేస్తే తలా ఆరడుగుల సందు వస్తుందని, గోడ సరిగ్గా గుంత నడిమధ్యలో పడుతుందని గుమాస్తా వెంటనే చెప్పాడు. ఆయన నాకంటే ముందే లెక్క కట్టడం నాకు నచ్చలేదు.

వకీలు మూడు దారులు చెప్పాడు. ఇల్లంతా ఒకరు తీసుకొని రెండోవారికి వెల కట్టి ఇవ్వడం ఒకటి. అంత సొమ్ము తమ్ముడి దగ్గర లేదు, ఇల్లు నేను తీసుకోవడానికి నాకు మనసు లేదు. పంచకుండా ఉమ్మడిగా ఉంచుకోవడం రెండోది. అట్లయితే నేను ఇంత దూరం ఎందుకు వచ్చినట్టు? మూడోది ఆయన ఇట్లా చెప్పాడు.

"భాగాలు నీ కొలత ప్రకారమే రాస్తాం. మగ్గం ఆడినంత కాలం మధ్యలో గోడ పెట్టగూడదు, పడుగుకు ఎవురూ అడ్డం రాగూడదు అని ఒక షరతు చేరుస్తాం."

"ఎన్నేళ్లని రాస్తారు సామీ?"

"ఏండ్లు రాయమప్పా. మగ్గం ఆడినంత కాలం."

అంకె లేని గడువును నేను ఎన్నడూ చూడలేదు. మండీ పత్రంలో ప్రతి గడువుకూ తేదీ ఉంది. మనసులో మెదిలిన ఇబ్బందిని బయటపెట్టాను.

"అమావాస్యకు మగ్గం ఆడదు కదా సామీ. ఆ రోజు షరతు తెగిపోతుందా?"

గుమాస్తా కలం కింద పెట్టేశాడు. వకీలు మొహం పక్కకు తిప్పుకున్నాడు. తమ్ముడు మాత్రం బిగ్గరగా నవ్వాడు. పంపకం మాట ఎత్తిన మూడు నెలల్లో వాడు నవ్వగా చూడటం అదే మొదలు. నేను సరదాకు అడగలేదు. అయినా వకీలు ఆ ప్రశ్నను పారేయకుండా 'పండుగలు, అమావాస్యలు, నూలు దొరకని రోజులు లెక్కలోకి రావు' అని ఒక వాక్యం రాయించాడు. నూలు దొరకని రోజులు ఆయన సొంతంగా చేర్చినవి. యుద్ధకాలంలో అవే ఎక్కువ.

ఇక ఏరుకోవడం మిగిలింది. పద్ధతి ప్రకారం ముందు తమ్ముడు చెప్పాలి. గుంత ఉన్న వీధి భాగమే అడుగుతాడని నాకు తెలుసు, గుమాస్తా అప్పటికే కలం ముంచి పెట్టుకున్నాడు.

"వెనక భాగం" అన్నాడు తమ్ముడు.

వకీలు తలెత్తాడు. "చూసుకొని చెప్పు. గుంత ముందర కదా ఉండేది?"

"అవును సామీ. గుంత అన్న పక్క ఉండనీ. గుంజ నా పక్క ఉండాది."

గుమాస్తా అట్లాగే రాసుకున్నాడు. వాడు ఏరుకొనేటప్పుడు నేను నోరెత్తకూడదు కనుక ఎత్తలేదు. రిజిస్ట్రీ ధర్మవరంలో చేయించుకోవాలని చెప్పి, చిత్తు ప్రతి మా చేతికిచ్చి పంపేశారు.

స్టేషన్‌లో వాడి రైలు ముందు వచ్చేది. కూర్చొని ఎంతసేపు ఆలోచించినా లెక్క కుదరలేదు. వాడు నేసేది నా ఇంట్లో కూర్చొని. నేను కాదంటే వాడికి కూర్చోను చోటు లేదు. వాడు గుంజ పీకితే నా ఇంట్లో ఉన్నది ఉత్త గుంత. నన్ను నమ్మి వెనక భాగం తీసుకున్నాడా? నేను ఎన్నటికీ ముందు భాగం అమ్ముకోలేకుండా కట్టేశాడా? అడిగేశాను.

"వెనకది ఏంటికి తీసుకుంటివిరా?"

"ముందర ఎండ బాగొస్తాదిన్నా. నీకు లెక్కలు రాసుకోనీకి బాగుంటాది" అన్నాడు. నేను హిందూపురంలో ఉంటూ ధర్మవరం ఎండలో లెక్కలు ఎట్లా రాసుకుంటానో చెప్పకుండానే రైలెక్కాడు.

రిజిస్ట్రీ అయిన తర్వాత మళ్లీ వెళ్లింది మామూలు రోజున. కొత్త పడుగు ఎక్కింది. ముదురు ఎరుపు పట్టు గుంత దగ్గర మొదలై, ఇల్లు సగం దాటి గుంజ దాకా బిగుసుకొని ఉంది. నా గీత కోసం నేల మీద వెతికాను. మరదలు అలికి ఎన్నాళ్లయిందో, సుద్ద ఆనవాలు లేదు. ఎక్కడ కూర్చుంటే నా ఇంట్లో ఉన్నట్టో, ఎక్కడ కూర్చుంటే వాడి ఇంట్లో ఉన్నట్టో తెలియలేదు. సంచిలోంచి టేపు తీశాను. వీధి గోడకు ఒక కొస ఆనించి లోపలికి పోబోయాను.

"అన్నా, రొంత వంగు" అన్నాడు తమ్ముడు, మగ్గం ఆపకుండా. "దారం తగులుతాది."

వంగాను. వంగి నడిస్తే కొలత సరిగా రాదు. టేపు చుట్టి సంచిలో పెట్టుకున్నాను.