ఆలుగడ్డల మడిలో ఖాలా గొంతు

ఆలుగడ్డలు కడిగేటప్పుడు పచ్చిమట్టి వాసన తగిలితే ఇప్పటికీ నా కుడిపాదం చల్లబడుతుంది. సిద్దిపేటలో నేను అవ్వాబాపులతో, అంటే అమ్మానాన్నలతో, కిరాయికున్న ఇంటి యజమానురాలు పిన్నిలాంటి రజియా ఖాలా గుర్తొస్తుంది. బట్టలు కుట్టి బతికిన మనిషి. చలి మొదలవగానే మొలకలొచ్చిన ఆలుగడ్డలను కోసి పెరట్లో నాటేది. ఎండ తగిలితే దుంపలు పచ్చబడి చేదెక్కుతాయని వాటిమీద మందంగా వరిగడ్డి పరిచేది. అప్పటికి నాకు పదేళ్లు. ఎప్పుడూ ఆమె వెనకాలే తిరిగేదాన్ని.

మొక్కలు పండుబారాక ఒక పొద్దున ఇద్దరం తవ్వడానికి కూర్చున్నాం. నేను గడ్డి పక్కకు లాగి ఒక దుంపను పట్టుకున్నాను. మూరెడు దూరంలో నాగుపాము పడగెత్తింది.

"కదలకు బేటా," అంది ఎదురుగా ఉన్న ఖాలా. "దాని దిక్కు సూడకు, నా మొఖం సూడు. ఇయ్యాల వీటితోని ఏం వండుదాం? మెంతికూర ఏసి వండుతా. మీ అవ్వకు గిన్నెడు పంపుతా." కుట్టుమిషన్ ముందు కూర్చుని కొలతలు అడిగేటప్పుడు ఎలా ఉండేదో, అదే గొంతు.

అంతలో బాపు వచ్చి చూసి, కట్టె అందుకుని ఉరకబోయాడు. ఖాలా తల తిప్పలేదు. "తమ్మీ, గాడనే ఆగు. కట్టె కింద వెట్టు. నువ్వు ఉరికితే అది పిల్లను కాటేస్తది." బాపు ఎవరి మాటా వినే మనిషి కాదు. ఆ రోజు కట్టెను చప్పుడు కాకుండా నేలమీద పెట్టాడు.

పడగ దిగింది. పాము నా కుడిపాదం మీదుగా పాకింది. ఆ చల్లదనం, ఆ బరువు ఎంతకీ తరగలేదు. "కారం ఎక్కువైతే నువ్వు తినవు గదా, జరంతనే ఏస్తా," అంటూనే ఉంది ఖాలా. పాము గోడ కింది బొరియలోకి పోయేదాకా ఆమె మాట ఆగలేదు.

నేను బాపును పట్టుకుని ఏడ్చాను. ఖాలా లేవబోయి మట్టిలోనే కూలబడింది. ఇంట్లోంచి అవ్వ తెచ్చి ఇచ్చిన నీళ్లు సగం ఆమె ఒంటిమీదే ఒలికాయి.

"ఖాలా, నీకు గూడ భయమైందా?"

"కాదా మరి! పానం పోయినంత పనైంది. గప్పుడు నేను గట్టిగ ఒర్రితే నువ్వు కదులుదువు బిడ్డా."

ఖాలా పోయి చాలాకాలమైంది. నేనిప్పుడు దవాఖానలో నర్సును. రోడ్డు మీద దెబ్బతిన్నవాళ్లను మోసుకొచ్చినప్పుడు చుట్టూ ఒకటే అరుపులు. నేను వాళ్ల మీదికి వంగి, "మీది ఏ ఊరు? కోహెడనా? బస్సుల వచ్చిన్రా?" అని మెల్లగా అడుగుతూ రక్తాన్ని అదిమిపట్టుకుంటాను. పని అయ్యాక పక్కగదిలోకి వెళ్లి వణుకు తగ్గేదాకా కూర్చుంటాను. ఆ వణుకుకు నేనెప్పుడూ సిగ్గుపడలేదు.