ఇంకో చక్కర్ కొట్టనా అని అడిగిన పిల్ల

మా తమ్ముడి మనవరాలికి డాలీగంజ్ దగ్గర ఒక చిన్నపిల్లల బడిలో ఆటల టీచరుగా ఉద్యోగం వచ్చింది. పోయిన ఆదివారం మిఠాయి పొట్లం పట్టుకుని వచ్చి, నా కుర్చీ పక్కన నేల మీద చతికిలబడి, ముప్పయ్యేళ్ళు పిల్లలకు డ్రిల్లు నేర్పినవాణ్ణి కనుక నాలుగు మంచి ముక్కలు చెప్పమంది. రాసిస్తానమ్మా అన్నాను. "అరె తాతా, తెలుగులో రాస్తే నేనెక్కడ చదవగలను! బోల్ దో, మొబైల్లో రికార్డ్ చేసుకుంటా" అని ఫోను నా మూతి దగ్గర పెట్టింది. ఈ అండమాన్ దీవుల్లో పుట్టిన పిల్ల, తెలుగు గలగలా మాట్లాడుతుంది కాని అక్షరాలు కూడబలుక్కోవాలి. అరగంట సేపు చెప్పాను. చెప్పవలసినవాటిలో ఒకటి మాత్రం చెప్పలేకపోయాను. దాన్ని ఆమె చదవలేని ఈ అక్షరాల్లో, నా ఈడువారు ఎవరైనా చదివి అర్థం చేసుకుంటారన్న ఆశతో రాస్తున్నాను.

మాది ఒకప్పుడు శ్రీకాకుళం వైపు కొన్ని గ్రామాల మీద పెత్తనం చేసిన ఇల్లు. జమీందారీలు రద్దయి, మిగిలినది దాయాదుల వ్యాజ్యాల్లో కరిగి, చివరికి దివాణం దూలాలు కూడా ఎవరో బండ్లకెత్తుకుని పోయాక, ఒక రేకు పెట్టె, మా తాతగారి వెండి పొన్ను చేతికర్ర పట్టుకుని నేను విశాఖపట్నంలో ఓడ ఎక్కాను. వెన్ను వంచకుండా నిలబడడం తప్ప మా వంశం నుంచి నాకు సంక్రమించిన ఆస్తి ఏదీ లేదు. నవ్వకండి, ఉద్యోగం కూడా దానివల్లే వచ్చింది. పోర్ట్‌బ్లెయర్‌లో నన్ను ఇంటర్వ్యూ చేసిన అధికారి నా సర్టిఫికెట్టు సగం చదివి, నేను నిలబడిన తీరు చూసి, డ్రిల్లు మాస్టరు ఇలాగే ఉండాలన్నాడు.

మా బడి ఒక గుట్ట మీద ఉండేది. ఈ ఊళ్ళో చదునైన నేల దొరకడమే కష్టం. బడి వెనక ఉన్న కాస్త జాగాను పిల్లల చేత రాళ్ళు ఏరించి మైదానం అనుకున్నాం. ఒక చివర నిలబడితే కింద సముద్రం కనబడేది, పిల్లల చూపు ఎప్పుడూ అటే. తెలుగువాళ్ళు, బెంగాలీలు, తమిళులు, రాంచీ నుంచి వచ్చినవాళ్ళు, అందరికీ కలిపి హిందీలో సావధాన్, విశ్రామ్ అనేవాణ్ణి. మొదట్లో నాకు తెలిసిన వ్యాయామం అదొక్కటే, తిన్నని వరస. ఎండ నా వీపుకు తగిలేలా నిలబడి, పిల్లలు కళ్ళు చిట్లిస్తుంటే అది అల్లరి అనుకుని కర్రతో నేల మీద కొట్టేవాణ్ణి. ఎండ ఎప్పుడూ టీచరు కళ్ళలో పడాలి గాని పిల్లల కళ్ళలో పడకూడదని గ్రహించడానికి నాకు ఏడాది పట్టింది.

మనవరాలికి ఇటువంటివి చాలా చెప్పాను. ఈల ఎంత తక్కువ ఊదితే పిల్లలు అంత ఎక్కువగా వింటారని, ఇద్దరు నాయకులను పెట్టి జట్లు ఎంచుకోమంటే చివరికి మిగిలిపోయిన పిల్లకు ఆ రోజు అన్నం సహించదని, అందుకే ఒకటి రెండు, ఒకటి రెండు అని లెక్క చెప్పించి విడదీయాలని చెప్పాను. ఔటైన వాళ్ళను పక్కన కూర్చోబెట్టే ఆటలు చిన్న తరగతులకు పనికిరావు, ఎందుకంటే ముందుగా ఔటయ్యేది పరుగు ఎక్కువ అవసరమైన పిల్లలే. వాళ్ళను కొబ్బరిచెట్టు ముట్టుకుని రమ్మని మళ్ళీ ఆటలో కలపాలి. మన దీవుల్లో వాన మొదలైతే నెలల తరబడి వదలదు కనుక పాత మేజోళ్ళలో ఇసుక పోసి కుట్టిన బంతులు సిద్ధంగా ఉంచుకోవాలి, వరండాలో విసరడం పట్టడం నేర్పవచ్చు. ఆమె తల ఊపుతూ వింది. తాతకు ఎంత తెలుసో అన్న మెచ్చుకోలు ఆమె కళ్ళలో చూసి నాకు కూర్చున్న చోట ఇబ్బందిగా అనిపించింది.

నేను చేరిన రెండో ఏడు, బతు బస్తీ నుంచి ఒక మనిషి తన కూతుర్ని మూడో తరగతిలో చేర్చడానికి తీసుకొచ్చాడు. గేటు దగ్గర నన్ను చూసి నిలబడిపోయాడు. భుజం మీది తువ్వాలు తీసి నడుముకు కట్టుకుని, "బాబుగోరూ! తవరా! ఈ దేశానికొచ్చీసినారా!" అని రెండు చేతులూ జోడించాడు. మా ఇంటి పల్లకీ మోసిన బోయీల్లో చిన్నవాడు. మా నాయనమ్మను ఎన్నో ఊళ్ళు మోసినవాడు. ఇక్కడ రంపపు మిల్లులో దుంగలు మోస్తున్నాడు, క్రైస్తవంలో కలిసి ఆదివారాలు తెలుగు ప్రార్థనకు వెళ్తున్నాడు. అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అదంతా హెడ్మాస్టారూ, వరండాలో ఉన్న ఉపాధ్యాయులూ చూశారు. ఆ సాయంత్రం నుంచి బడిలో నా పేరు రాజాసాబ్ అయింది. మాసిన చొక్కాతో అబర్డీన్ బజార్‌లో కిరసనాయిలు వరసలో నిలబడే నన్ను ఎవరైనా పేదవాడంటే సహించేవాణ్ణేమో, రాజాసాబ్ అంటే మాత్రం కడుపులో మంట పుట్టేది. ఆ మంటను, పిలిచినవాళ్ళ మీద చూపించే ధైర్యం లేక, ఆ మనిషి మీద దాచుకున్నాను.

పిల్ల వరసగా మూడు రోజులు ఆలస్యంగా వచ్చింది. కుళాయి దగ్గర వంతు వచ్చి ఇంటికి నీళ్ళు పట్టాక గాని బయల్దేరడానికి వీల్లేదని తర్వాత తెలిసింది. అప్పుడు నేను అడగలేదు. మైదానం చుట్టూ ఐదు చక్కర్లు కొట్టమన్నాను. ఎనిమిదేళ్ళ పిల్ల, ఉత్త కాళ్ళతో, గౌను అంచు ఒక చేత్తో పట్టుకుని మొదలుపెట్టింది. అటువంటి పరుగు నేను అంతకుముందు చూడలేదు, ఆ తర్వాతా చూడలేదు. తెరచాప నిండిన నావలా, శ్రమ అన్నదే లేకుండా వెళ్ళింది. ఐదూ పూర్తిచేసి నా ఎదుటికొచ్చి, ముఖమంతా నవ్వుతో, "మాస్టర్జీ, ఇంకో చక్కర్ కొట్టనా?" అని అడిగింది.

తరగతి అంతా గొల్లున నవ్వింది. వరండాలోంచి ఒక మాస్టరు, "రాజాసాబ్, ఆప్ కీ సజా తో ఇనామ్ హో గయీ!" అని కేకేశాడు. మీ శిక్ష బహుమానమైపోయిందే అని. ఆ మాట అతనిదే అయినా నాకు మాత్రం మా బోయీ కూతురు మా దివాణాన్ని చూసి నవ్వినట్టు వినిపించింది. కర్రతో వరండా మెట్టు చూపించి కూర్చోమన్నాను. ఒక్కరోజుకే అనుకున్నాను. మర్నాడు ఆమె వరసలోకి వస్తుంటే నా చెయ్యి దానంతటదే మళ్ళీ మెట్టు చూపించింది. అలా వారాలు గడిచాయి. బడులన్నీ కలిసి పెట్టే పరుగు పందాలకు మూడో తరగతి నుంచి ఒక ఆడపిల్లను పంపాల్సి వచ్చింది. ఎవరిని పంపాలో మైదానంలో రాళ్ళకు కూడా తెలుసు. నేను వేరే పిల్ల పేరు రాశాను.

పేరు రాసిన మూడో రోజు సాయంత్రం ఆమె తండ్రి మిల్లు నుంచి నేరుగా వచ్చాడు, జుట్టు నిండా రంపపు పొట్టు. పిల్లను వెంటబెట్టుకుని మెట్ల కింద నిలబడ్డాడు.

"బాబుగోరూ, మా గుంట తప్పేటి సేసినాదండి? రోజూ మెట్టు మీద కూకోబెడతన్నారంట. పరుగు పందేనికి దాని పేరు నేదంట. ఇంటికాడ ఒకటే ఏడుపు."

పిల్లకు వినయం లేదన్నాను.

అతను కూతురి వైపు తిరిగి, "ఒలే, బాబుగోరి కాళ్ళు ముట్టుకో. మాఫీ అడుగు" అన్నాడు. పిల్ల కదల్లేదు. "నేనేం చేశాను నాయనా? దౌడ్ కొట్టమన్నారు, కొట్టాను" అంది. "పెద్దోల ముందట అలగ నవ్వుతారేటే" అని గదిమాడు. ఆమె ఇంకా కదలకపోయేసరికి, "ఇది సిన్న గుంట బాబూ, దీని బదులు నాను అడుగుతన్నాను" అంటూ మెట్లెక్కి వచ్చి, ఈ దీవుల్లో ఎవరికీ వంగవలసిన అవసరం లేని ఆ మనిషి, వంగి నా పాదాలు ముట్టుకున్నాడు.

నేను వెనక్కి జరగలేదు. రేపట్నుంచి పరుగెత్తనీ అంటే సరిపోయేది. పేరు మార్చడానికి ఇంకా గడువుంది, కలం జేబులోనే ఉంది. సరే చూద్దాం అన్నాను. నిజం దాచుకోవడానికి కాదు కదా ఇది రాస్తున్నది, ఆ క్షణం నాకు సుఖంగా ఉంది. పోయిన దివాణం ఒక్క నిమిషం తిరిగొచ్చినట్టు ఉంది. పిల్ల నా వైపు చూడలేదు. వంగిన తండ్రి వీపు వైపే చూస్తూ నిలబడింది.

సోమవారం నాడు నేనే దయ తలచినవాడిలా ఆమెను వరసలోకి పిలిచాను. ఈల ఊదాను. అందరూ పరుగెత్తారు, ఆమె నడిచింది. పరుగెత్తమన్నాను. "కాళ్ళు నొస్తున్నాయి మాస్టర్జీ" అంది. పొగరు లేదు, ఎదురు తిరగడం లేదు, కళ్ళు నేల మీద, చేతులు నేను నేర్పినట్టే తిన్నగా పక్కలకు. గడువు దాటకముందే జాబితాలో పాత పేరు కొట్టేసి ఆమె పేరు రాశాను కూడా. పందెం రోజున ఆమె గీత దగ్గర నిలబడి, ఈల మోగాక, మిగతా బడుల పిల్లలందరి వెనక, నడుచుకుంటూ చివరిదాకా వెళ్ళింది. కంచె అవతల తండ్రి ఉన్నాడు. ఐదో తరగతి పూర్తయి బడి వదిలేదాకా ఆమె నా ఎదుట మళ్ళీ పరుగెత్తలేదు. మనవరాలికి చెప్పిన మంచి ముక్కల్లో చాలావరకు ఆ రెండేళ్ళలో, ఆమె నడక చూస్తూ నేర్చుకున్నవే.

ఒక ఆదివారం క్షమించమని అడుగుదామని బతు బస్తీ వెళ్ళాను. ప్రార్థన ముగిసి తెలుగు పాట వినబడుతోంది. అతను నన్ను చూసి పరుగున బయటికి వచ్చి, ఇంటికి తీసుకెళ్ళి, ఉన్న ఒక్క కుర్చీ తువ్వాలుతో తుడిచి వేశాడు. "కూకోండి బాబుగోరూ" అని తాను గోడ వారగా నిలబడ్డాడు. నిలబడిన మనిషికి కూర్చున్న మనిషి క్షమాపణ ఎలా చెప్పాలో నాకు తెలియలేదు. లేచి నిలబడవచ్చని, లేదా నేల మీద అతని పక్కన కూర్చోవచ్చని ఇప్పుడు ఎవరైనా చెబుతారు. మా ఇంట్లో అది ఎవరూ నేర్పలేదు. పిల్ల లోపల్నుంచి టీ తెచ్చి ఇచ్చింది. తాగి, పిల్ల బాగా చదువుతోందని ఏదో అని, వచ్చేశాను.

చాలా ఏళ్ళ తర్వాత ఒక మధ్యాహ్నం అబర్డీన్ బజార్‌లో బస్సెక్కి కిటికీ పక్కన కూర్చున్నాను. బస్సు కదులుతుంటే నలుగురైదుగురు పరుగెత్తుకొచ్చి ఎక్కారు. వాళ్ళ వెనక పదడుగుల దూరంలో నర్సు బట్టల్లో ఆమె వస్తోంది. చూడగానే పోల్చుకున్నాను. కండక్టరు తలుపు మీద కొడుతూ, "జల్దీ దీదీ, దౌడో దౌడో!" అని అరిచాడు. ఆమె అదే నడక నడిచింది. బస్సు వెళ్ళిపోయింది. ఆపమని డ్రైవరుకు ఒక్క మాట చెప్పవచ్చు, నేను కిటికీలోంచి వెనక్కి చూస్తూ కూర్చున్నాను. ఆమె డ్యూటీ చేసి అలసి ఉండవచ్చు, మరో బస్సు వెనకే ఉందని తెలిసి ఉండవచ్చు. ఒక మనిషి నడకకు నేనే కారణమనుకోవడం కూడా మా ఇంటి గర్వంలో మిగిలిన ముక్కేనేమో, ఏళ్ళ తరబడి ఆలోచించినా తేల్చుకోలేకపోయాను.

ఇప్పుడు ఈ దీవుల్లో ఎవరి తాత పల్లకీ ఎక్కాడో, ఎవరి తాత మోశాడో అడిగేవాళ్ళు లేరు. అడిగినా పిల్లలకు పల్లకీ అంటే బొమ్మ చూపించాలి. ఆడపిల్లలు వీపున అంకెలు కట్టుకుని పరుగెత్తుతుంటే తల్లులు కంచె పట్టుకుని పేరు పెట్టి అరుస్తారు, టీచర్లు వాళ్ళతో పాటు పరుగెత్తి ఆయాసపడి నవ్వుతారు. మాస్టరంటే భయం పోయిందని నా తోటివాళ్ళు కొందరు బాధపడతారు. నాకు ఆ బాధ లేదు. ఆమె తండ్రి పోయారని ఎవరో ఆలస్యంగా చెప్పారు. ఆమెకు డెబ్బయ్యేళ్ళు దగ్గర పడుతుంటాయి. పరుగెత్తే ఈడు ఎవరికైనా నాలుగు రోజులే ఉంటుంది. వెళ్ళి తప్పయిందని చెప్పడానికి మాత్రం నాకు ఒక జీవితమంత వ్యవధి దొరికింది, దాన్ని నేను వెన్ను వంచకుండా కూర్చుని గడిపేశాను.