గొట్టాల్లో మందు పోసిన రోజు

కువైట్‌లో నీళ్ళు గడ్డకడతాయంటే మా ఊళ్ళో ఎవరూ నమ్మలేదు. ఎడారి అంటే ఎండే కదా, కోతలు కోయొద్దన్నారు. వాళ్ళననడం ఎందుకు, నేనూ నమ్మలేదు. వఫ్రా తోటలకు ఇవతల, నాకు వీసా ఇచ్చిన యజమాని, మా కఫీల్, చలికాలంలో గుడారాలు వేయించే చోట, ఒక తెల్లవారుజామున కారవాన్ వంటగట్టు కింద పైపు పగిలేదాకా.

ఆ కారవాన్ కఫీల్ పెద్దకొడుకుది. అమెరికాలో చదువుకొని వస్తూ ఓడలో వేయించుకొచ్చిన చక్రాల ఇల్లు. మంచాలు, పొయ్యి, స్నానాల గది, అన్నీ అందులోనే. ఇంటివాళ్ళు గురువారం వచ్చి శుక్రవారం రాత్రికి వెళ్ళిపోయేవాళ్ళు. మిగతా రోజులు కాపలా నేను. పేరుకు డ్రైవర్ని, చేసేది కుక్క కొలువు. వాళ్ళు వెళ్ళాక మనిషి గొంతు వినబడేది కాదు. రేడియో పెట్టినా అరబ్బీయే. నాతో నేనే పైకి మాట్లాడుకుంటూ అన్నం వండుకునేవాణ్ణి. కూరలో ఉప్పు ఎక్కువైతే నన్ను నేనే తిట్టుకునేవాణ్ణి, ఆ వంకనైనా నాలుగు తెలుగు ముక్కలు చెవిన పడతాయని.

అలాంటి చోట నాకు దొరికిన ఒకే ఒక్క తెలుగు మనిషి గొర్రెల కాపరి. మా కడప జిల్లావాడే, వయసులో నాకంటే బాగా పెద్ద. రోజూ పొద్దు వాలే వేళకు ప్లాస్టిక్ క్యాన్ పట్టుకొని వచ్చేవాడు. కాళ్ళు కడుక్కోవడానికని కారవాన్‌కు బయటివైపు చిన్న కుళాయి ఒకటి ఉండేది. దాన్ని సన్నగా తిప్పి, క్యాన్ నిండేదాకా పక్కనే కూర్చుని కబుర్లు చెప్పేవాడు.

"బాగా తిప్పన్నా, నీ క్యాను నిండేసరికి తెల్లారేటట్టుండాది" అనేవాణ్ణి.

"ఏం తొందర్లేబ్బీ, గొర్రెలేమన్నా బస్సుకు పోవాల్నా?" అనేవాడు.

ఊళ్ళో వానలు, వేరుశనక్కాయల ధర, ఎవరి వీసా ఏమైంది, ఇవే మాటలు. అయినా అతను వెళ్ళిపోయాక నాకు అన్నం సయించేది కాదు.

పైపు పగిలిన వారంలోనే ఇంటివాళ్ళకు గుడారాల మీద మోజు తీరిపోయింది. అన్నీ పీకించి లారీకెక్కించారు. కారవాన్ చక్రం మాత్రం ఇసుకలో దిగబడిపోయింది. అమ్ఘరా నుంచి క్రేన్ వచ్చేదాకా, వారమో పది రోజులో, అది కాపలా లేకుండా అక్కడే ఉండాలి, నేనేమో వాళ్ళతో సిటీ ఇంటికి వెళ్ళిపోవాలి. ఈలోగా మళ్ళీ చలి కొడితే మిగిలిన పైపులూ పగులుతాయి. అందుకని పెద్దకొడుకు పగిలిన ముక్క మార్పించి, అల్ రాయ్ నుంచి రెండు పెద్ద డబ్బాల మందు తెచ్చాడు. కార్ల రేడియేటర్లో పోసే ఆకుపచ్చ మందే. అది గొట్టాల్లో నిండి ఉంటే గడ్డకట్టదట.

పని మాత్రం నాకు సరదాగానే ఉంది. ట్యాంకు అడుగున బిరడా తీసి ఉన్న నీళ్ళన్నీ ఇసుకలోకి వదిలాం. వేణ్ణీళ్ళ బాయిలర్ ఖాళీ చేసి, మందు అందులోకి పోకుండా దారి మూశాం. పంపుకు నీళ్ళందించే గొట్టాన్ని మందు డబ్బాలో ముంచి స్విచ్ వేశాం. అతను ఒక్కో కుళాయి తిప్పుతుంటే నేను డబ్బా పట్టుకున్నాను. ముందు మామూలు నీళ్ళు దగ్గినట్టు వచ్చి, కాసేపటికి పచ్చగా దిగేవి. పచ్చరంగు కనబడగానే అది కట్టేసి ఇంకోటి తిప్పడం. సింకు తూములో, స్నానాల గది తూములో ఒక్కో లోటా పోయడం. అన్నీ అయ్యాక చివరగా బయటి కుళాయి తిప్పాడు.

అదీ పచ్చగా కారింది. అప్పుడు గుర్తొచ్చాడు కాపరి. ఆ మందు నాలుకకు తీపి, కడుపులోకి పోతే విషం. డ్రైవర్లందరికీ తెలిసిన సంగతే.

"ఎవరైనా తాగితే?" అని నాకొచ్చిన అరబ్బీలో అడిగాను.

"ఇక్కడ తాగేవాడెవడు? ఖలాస్, అయిపోయింది. యల్లా, పోదాం పద" అన్నాడు పెద్దకొడుకు.

కాపరి సంగతి చెప్పడానికి నోరు రాలేదు. దారిన పోయేవాళ్ళకు మా నీళ్ళు పంచుతున్నావా అంటే ఏం చెప్పను? కుళాయికి గుడ్డ చుట్టి ఇనుప తీగ బిగించాను. తీగ విప్పుకోవడం అతనికొక లెక్కా? సాయంత్రం వస్తాడు, నేనుండను. మసకలో రంగు కనబడదు. తాను తాగుతాడు, గొర్రెలకూ పెడతాడు.

తిరుగు దారిలో జీపు నడిపేది నేనే కాబట్టి ఇంకేమీ ఆలోచించకుండా గొర్రెల దొడ్డి వైపు తిప్పాను. ఒంటికి పోవాలని పెద్దకొడుకుతో అబద్ధం చెప్పి, మట్టిదిబ్బ పక్కన ఆపి పరుగెత్తాను.

కాపరి దొడ్డి ముందర నిలబడి ఉన్నాడు.

"అన్నా, ఇంక ఆ కొళాయి ముట్టుకోవద్దు. గొట్టాల నిండా విషం పోసినాం. గొర్రెలకు గూడా పెట్టొద్దు" అన్నాను రొప్పుతూ.

"సరేబ్బీ, ముట్టుకోన్లే" అన్నాడు.

ఊపిరి తీసుకుని అప్పుడు చూశాను. అతని వెనక మనిషెత్తు ఇనుప ట్యాంకు. దాని కింద పొడుగాటి తొట్టి. తొట్టి నిండా నీళ్ళు పొర్లిపోతుంటే గొర్రెలు తాగుతున్నాయి.

"ఇన్ని నీళ్ళు ఈడ పెట్టుకోని, అంతదూరం నడిచి నా కాడికి వస్తాంటివా?"

"ట్యాంకరు వస్తానే ఉంటాదబ్బీ. నీళ్ళకేం కరువు?" అని చేతులు లుంగీకి తుడుచుకున్నాడు. "వట్టి చేతుల్తో వస్తే, వీనికేం పని ల్యాదా అనుకుంటావని."

చలికాలమంతా అతనికి నీళ్ళు నేనే పోస్తున్నానని తెగ మురిసిపోయాను. ఎవరు ఎవరికి ఏం పోశారో నాకు అప్పుడు తెలిసింది. ఏడుపొచ్చింది.

దిబ్బ అవతల హారన్ మొదలైంది.

"ఈసారి ఊరికే రా అన్నా" అన్నాను.

"యాడికి? గుడారాలు లారీలో పోతాంటే చూసినాలే" అన్నాడు. "రోంతసేపు కూచ్చోని పో."

పెద్దకొడుకు హారన్ మీంచి చెయ్యి తీయడం లేదు. నేను ఇసుకలో చతికిలబడ్డాను.