బాగుందని చెప్పని ఆదివారాలు

నేను సింగపూర్‌లో దిగిన రోజే, ఈ ఊరు నాకు నచ్చకూడదని తీర్మానించుకున్నాను.

పొగరు కాదు, కారణం ఉంది. నెల్లూరులో ఆడపిల్లల కాలేజీలో బాటనీ చెప్పేదాన్ని. రెండుసార్లు ఇంటర్వ్యూలో తప్పి మూడోసారి సంపాదించుకున్న ఉద్యోగం అది. మందార పువ్వును నిలువుగా కోసి, అండాశయం కనిపించగానే పిల్లలు మేడమ్ అని కేక పెట్టేవారు. ఆ కేక కోసం నేను అందరికంటే ముందు ల్యాబ్‌లో ఉండేదాన్ని. ఆ ఉద్యోగం అంటే నాకు ప్రాణం.

కంప్యూటర్ నేర్చిన ప్రతి కుర్రాణ్ణీ ఏదో ఒక దేశం ఎగరేసుకుపోతున్న రోజులవి. మా ఆయన్ని సింగపూర్ ఎగరేసుకుపోయింది. పెళ్ళి నాటికే ఆయన అక్కడ ఏడాదిన్నరగా ఉన్నారు. పెళ్ళయిన పది రోజులకే తిరిగి వెళ్ళిపోయారు. ఆరు నెలల తర్వాత, కాలేజీలో పరీక్షలు ముగిశాక, ఐదు నెలలు జీతం లేని సెలవు పెట్టి నేను బయల్దేరాను.

బయల్దేరే ముందు ఫోన్‌లో ఒక ఒప్పందం కుదిరింది. సెలవు అయిపోయేలోగా నాకు ఆ ఊరు నచ్చితే నేను రాజీనామా చేయాలి. నచ్చకపోతే ఆయన రాజీనామా చేసి నాతో వచ్చేయాలి. ఏ మొగుడైనా అలాంటి మాట ఇస్తాడా అని మా అమ్మ నమ్మలేదు. నేను నమ్మాను. నమ్మాను గనకే, బాగుంది అన్న మాట నోట రానివ్వకూడదనుకున్నాను. ఆ మాట అన్నానా, నా ల్యాబ్ పోయినట్టే.

మా ఫ్లాటు బుకిట్ పంజాంగ్‌లో పదకొండో అంతస్తు. ఆయన ఆఫీసు రాఫెల్స్ ప్లేస్‌లో. పొద్దున ఏడింటికి పోతే చీకటి పడ్డాకే రావడం. శనివారం కూడా సగం రోజు పని ఉందని వెళ్ళేవారు. ఆదివారం మాత్రం మనిషి మారిపోయేవారు. తల నున్నగా దువ్వుకుని, నీళ్ళ సీసా సంచిలో వేసుకుని, ఊరి మునసబులా బయల్దేరేవారు. ఈ ఊళ్ళో తనకు తెలియని చోటు లేదన్నది ఆయన ధోరణి. జీతంలో సగం ఆయన చెల్లెలి చదువుకు పోయేది కాబట్టి, టికెట్టు పెట్టి చూసే వింతల జోలికి మేం పోలేదు. ఊరికే దొరికేవి, దాదాపు ఊరికే దొరికేవి ఎన్ని ఉన్నాయో ఆయనే కనిపెట్టినట్టు చెప్పేవారు.

మొదటి ఆదివారం చూపించింది మా వీధి చివరి రైలు. డ్రైవరు లేని చిన్న రైలు. స్తంభాల మీద, ఫ్లాట్ల మధ్య నుంచి గుండ్రంగా తిరిగి ఎక్కిన చోటికే వస్తుంది. దిగకుండా కూర్చుంటే మళ్ళీ తిరుగుతుంది. ముందు అద్దం దగ్గర నిలబడితే రైలు మనమే నడుపుతున్నట్టుంటుంది. ఇళ్ళకు మరీ దగ్గరగా వచ్చినప్పుడు కిటికీ అద్దాలు ఉన్నట్టుండి పాలు పోసినట్టు తెల్లబడిపోతాయి, లోపలి మనుషులు మన కంట పడకుండా. ఎవరింట్లో ఏం వండుతున్నారో చూద్దామని నేను మెడ సాచేసరికి అద్దం తెల్లబడింది. ఇళ్ళు దాటగానే మళ్ళీ తేటపడింది. నాకు చప్పట్లు కొట్టాలనిపించింది. మా ఆయన నా ముఖంలోకి ఆశగా చూస్తూ ఎట్టుందని అడిగారు. మా టౌన్ బస్సుకు కిటికీ అద్దమే ఉండదు, అన్నీ శుభ్రంగా కనిపిస్తాయన్నాను. మర్నాడు ఆయన ఆఫీసుకు పోగానే ఒక్కదాన్నే వెళ్ళి రెండు చుట్లు తిరిగి వచ్చాను.

ఇదే వరస ప్రతి వారమూ నడిచింది. ఒక ఆదివారం విమానాశ్రయానికి తీసుకెళ్ళారు, ఎవరినో దింపడానికి కాదు, చల్లటి ఏసీలో అద్దాల వెనక నిలబడి విమానాలు ఎగరడం చూడ్డానికి. సెలవు రోజున ఎవరైనా ఎయిర్‌పోర్టుకు షికారు వస్తారా అని సణిగాను. సణుగుతూనే రెండు గంటలు నిలబడ్డాను. ఇంకో ఆదివారం రాఫెల్స్ ప్లేస్. వారమంతా మనుషులు ఒకరినొకరు తోసుకునే ఆ మేడల మధ్య ఆదివారం పిట్ట కూడా ఉండదు. నది ఒడ్డున మెట్ల మీద కూర్చుని పులిహోర తిన్నాం. బొటానికల్ గార్డెన్‌లో అయితే నన్ను నేను ఆపుకోవడమే కష్టమైంది. పుస్తకంలో నల్లగీతల బొమ్మలుగా చెప్పిన మొక్కలన్నీ అక్కడ వేళ్ళతో సహా నిలబడి ఉన్నాయి. మా ఆయన ఒక నిద్రగన్నేరును చూపించి చింతచెట్టన్నారు. సాయంత్రానికి ఆకులెలా ముడుచుకుంటాయో, దానికీ చింతకూ చుట్టరికం ఎంతో, ఆ చెట్టు కిందే క్లాసు పీకాను. అయిపోయాక ఆయన మెల్లగా, ఇక్కడ బాగుందా అన్నారు. ఉక్కపోతగా ఉందన్నాను.

తిండి సంగతీ అంతే. మా బ్లాకు పక్కన హాకర్ సెంటర్ ఉండేది. వరసగా చిన్న చిన్న అంగళ్ళు, మధ్యలో బల్లలు. అక్కడ బల్ల పట్టుకోవాలంటే కుర్చీ మీద ఒక టిష్యూ ప్యాకెట్టు పెట్టి వెళ్తే చాలు. చోప్ చేయడం అంటారు దాన్ని. ఎంత రద్దీ ఉన్నా ఆ ప్యాకెట్టును ఎవరూ ముట్టుకోరు. మా రైళ్ళలో తువ్వాలు వేసి సీటు పట్టుకోవడం నాకు తెలుసు గానీ, మనిషి లేని తువ్వాలుకు అంత మర్యాద దొరకడం ఎక్కడా చూడలేదు. మా ఆయన ఆ పని ఎంతో హోదాగా చేసేవారు. తర్వాత ఐస్ కచాంగ్ తెచ్చేవారు, తురిమిన ఐసు గుట్ట మీద రంగు రంగుల పాకాలు, కింద ఉడికించిన ఎర్ర గింజలు, మొక్కజొన్న. పప్పులు ఐసులో వేసుకుని తినడమేమిటని వెక్కిరించాను. ఆయన లేనప్పుడు వారానికి రెండుసార్లు వెళ్ళి తిన్నాను.

ఈ దొంగతనం పట్టుకున్నది ఒక్కరే. బిషాన్‌లో ఉండే మా ఆయన ఆఫీసు పెద్దాయన భార్య. వాళ్ళు హైదరాబాదీ ముస్లింలు, ఆమెను ఆంటీ అని పిలిచేవాళ్ళం. ఉర్దూ, తెలుగు కలిపి ఒకే ఊపులో మాట్లాడేది. ఆమె పిల్లలకు తెలుగు అర్థమయ్యేది గానీ జవాబు మాత్రం ఆ ఊరి ఇంగ్లీషులో ‘కెన్ లా’, ‘డోంట్ వాంట్ లా’ అనే వచ్చేది. ఒకసారి భోజనానికి పిలిచి, సింగపూర్ నచ్చిందా అని అడిగింది. ఇక్కడేముంది ఆంటీ అన్నాను. ఆమె గుమ్మం దగ్గర విడిచిన నా చెప్పుల వైపు చూసింది.

“మూతి తిప్పుతున్నవ్ గానీ బేటా, నీ చెప్పులు సగం అరిగినయ్. ఇంట్ల గూసున్నోళ్ళ చెప్పులు అట్ల అరుగుతయా?”

నేను తల వంచుకున్నాను. ఆమె మా ఆయనతో ఏమీ అనలేదు.

సెలవు ఇంకా రెండు వారాలుందనగా ఒక శుక్రవారం మా ఆయన ఇంటికొచ్చి, బట్టలు మడతపెడుతూ, మేనేజరుతో మాట్లాడానని చెప్పారు. సోమవారం రాజీనామా ఉత్తరం ఇచ్చి ఇద్దరికీ టికెట్లు కొంటారట. నీకు నచ్చలేదు గదా, మాటంటే మాటే అన్నారు. గొంతులో నిష్ఠూరం లేదు. నేను గెలిచాను. ఎగిరి గంతేయాల్సిన సమయం. కానీ ఐదు నెలలుగా ఆడిన నాటకాన్ని ఆయన అక్షరాలా నమ్మారని అప్పుడే అర్థమై నాకు భయం వేసింది. ఆ భయంలో కూడా నా నోటి నుంచి వచ్చింది సరే అన్న ఒక్క మాటే.

ఆదివారం ఆయన అలవాటుగానే తల దువ్వుకున్నారు. చైనా వాళ్ళకు అది ఏదో ప్రత్యేకమైన నెలట. మా బ్లాకుల మధ్య మైదానంలో షామియానా వేసి, స్టేజీ కట్టి, పాటల కార్యక్రమం పెట్టారు. ఎవరైనా వెళ్ళవచ్చు, టికెట్టు లేదు. పోయినేడు చూశాను, భలే ఉంటుందన్నారు.

సాయంత్రం ఏడింటికి వెళ్ళేసరికి జనం కిటకిటలాడుతున్నారు. ఎర్రటి ప్లాస్టిక్ కుర్చీలన్నీ నిండాయి, ముందు వరస తప్ప. అక్కడ ఒక్క మనిషి లేడు. నెల్లూరులో ముందు వరస అంటే ఎస్సై, కౌన్సిలరు, చందా రాసిన షావుకార్లు. మా ఆయన పుట్టి బుద్ధెరిగాక అలాంటి కుర్చీలో కూర్చుని ఎరగరు. అన్ని కుర్చీలూ వంగి చూశారు. ఎక్కడా టిష్యూ ప్యాకెట్టు లేదు, అంటే ఎవరూ పట్టుకోలేదన్నమాట. జేబులోంచి రెండు ప్యాకెట్లు తీసి, సరిగ్గా నడిమి కుర్చీల మీద ఒక్కొక్కటి పెట్టి, నన్ను పక్కన నిలబెట్టి, చెరుకురసం తేవడానికి వెళ్ళారు. తిరిగి వచ్చి దర్జాగా కూర్చున్నారు. నేనూ కూర్చున్నాను. మా వెనక మాటలు ఆగిపోయాయి. మనకిస్తున్న గౌరవం అనుకున్నాను.

స్టేజీ మీద తళుకుల గౌను అమ్మాయి పాట మొదలుపెట్టింది. ఇంతలో వెనక నుంచి ఒక ముసలావిడ వచ్చి నా భుజం తట్టింది. అచ్చం మా స్టాఫ్‌రూం ఆయాలా నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడింది. కోపం లేదు, నా గురించి కంగారు పడుతోంది.

“గర్ల్ ఆ, దిస్ రో కెనాట్ సిట్. దిస్ రో ఫర్ డెడ్ పీపుల్ లా.”

ఆ నెలంతా చనిపోయిన వాళ్ళు భూమ్మీదికి వస్తారట. ఆ కార్యక్రమం ముందుగా వాళ్ళ కోసం, తర్వాతే బతికున్న వాళ్ళకు. ఆ వరస వాళ్ళది. ఇదంతా ఆవిడ ముక్కముక్కల ఇంగ్లీషులో చెప్పి, మా చెయ్యి పట్టుకుని లేపి, కుర్చీలకు క్షమాపణ చెప్పమంది. మా ఆయన చెరుకురసం గ్లాసు కింద పెట్టి, రెండు చేతులూ జోడించి, ఖాళీ కుర్చీలకు ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒక్కొక్కదానికే దండం పెట్టుకుంటూ వెళ్ళారు, పెళ్ళిలో పెద్దవాళ్ళకు పెట్టినట్టు. చివరి కుర్చీ దాకా వెళ్ళి, మర్చిపోయిన టిష్యూ ప్యాకెట్ల కోసం మళ్ళీ వెనక్కి వచ్చారు. నాకు నవ్వు ఆగలేదు. పొట్ట పట్టుకుని, కళ్ళలో నీళ్ళు వచ్చేదాకా నవ్వాను. ముసలావిడ కూడా నవ్వి, తన పక్క వాళ్ళను జరిపి మాకు చోటిచ్చింది.

మా ఆయన మాత్రం నవ్వలేదు. మూడు పాటలయ్యాక ఇంటికి పోదామన్నారు. దారిలో నాకు అప్పుడు వెలిగింది. పోయినేడు చూసిన మనిషికి ముందు వరస ఎవరిదో తెలియదా? ఆ మాటే అడిగాను. ఆయన వీధి దీపం కింద ఆగిపోయారు.

“పోయినేడు నేనేమీ చూళ్ళేదు. ఏదీ చూళ్ళేదు. ఆఫీసు, రూము, అంతే. నువ్వొస్తుండావని తెలిసినాక ఆంటీ దగ్గర కూర్చుని ఇయ్యన్నీ రాసుకున్నా. శనివారం పనుందని చెప్పి, ముందు నేనొక్కణ్ణే పోయి దారి చూసుకోనొచ్చేవాణ్ణి. ఈ ఒక్కదానికే పోవడం కుదర్లా.”

 ఆయనే మళ్ళీ అన్నారు.

“రెండేళ్ళు ఒక్కణ్ణే ఉండా ఈ ఊళ్ళో. ఇంకోసారి ఉండలేను. అందుకే నువ్వు యాడికంటే ఆడికి పోదాం.”

ఆ క్షణంలో ఆయన మీద నాకు కలిగినంత ప్రేమ, పెళ్ళి పీటల మీద కూడా కలగలేదు. శనివారం మధ్యాహ్నాలు ఒక్కరే ఆ రైల్లో, ఆ విమానాల ముందు, ఆ మెట్ల మీద నిలబడి, ఇది ఆమెకు నచ్చుతుందా అని ఆలోచించిన మనిషి. అలాంటి మనిషికి ఐదు నెలలుగా నేను ఉక్కపోత, టౌన్ బస్సు అని జవాబులు చెప్పాను. సిగ్గుతో ముఖం వేడెక్కింది.

“నాకు బానే ఉండాది. మొదటి ఆదివారం నుంచీ బానే ఉండాది. ఉద్యోగం పోతుందని చెప్పలా” అన్నాను.

పొంగిపోతారనుకున్నాను. ఆయనకు కోపం వచ్చింది. ఎన్నడూ గొంతు పెంచని మనిషి, లిఫ్టు దాకా తిడుతూనే ఉన్నారు. మేనేజరు కాళ్ళావేళ్ళా పడి, నోటీసు లేకుండా వదిలేసేలా మాట తీసుకున్నాను, ఇప్పుడు ఏ ముఖం పెట్టుకుని పోయి వద్దని చెప్పాలన్నారు. ఆదివారం వస్తోందంటే శుక్రవారం నుంచే తనకు గుండెల్లో దడ పుట్టేదన్నారు. నేను ఒక్క మాటకు కూడా ఎదురు చెప్పకుండా ఆయన వెనకే నడిచాను. పదకొండో అంతస్తు చేరేసరికి ఇద్దరం నవ్వుతున్నాం.

మర్నాడు ఆయన రాజీనామా ఆగిపోయింది. నాది నేను రాశాను. రాస్తూ ఏడ్చాను కూడా. ఉద్యోగం మీద ఇష్టం చచ్చి రాసింది కాదది. ఆ సంవత్సరం మందార పువ్వును కోసే పిల్లలకు వేరే ఎవరో పక్కన నిలబడ్డారని తలుచుకుంటే ఇప్పటికీ అసూయ పుడుతుంది. కారణం రాయాల్సిన చోట కలం ఆగింది. కాసేపు ఆలోచించి, ఇక్కడ నా భర్తతో చాలా సంతోషంగా ఉన్నాను, అందుకని మానేస్తున్నాను అని రాశాను. సాయంత్రం మా ఆయన అది చదివి, రాజీనామాలో ఎవరూ ఇలాంటి కారణం రాయరు, ప్రిన్సిపాల్ నవ్వుతారు, కుటుంబ కారణాల వల్ల అని మార్చమన్నారు. నేను మార్చలేదు. ఆయన చూస్తుండగానే కవరు అంటించాను.