తప్పు చూపిన రక్తపరీక్ష

ఈ రోజు కరీంనగర్‌లో డాక్టరమ్మ చెప్పిన మాట ఇంకా నమ్మలేకుండా ఉన్నాను.

నాకు మూడుసార్లు తొలి నెలల్లోనే గర్భం పోయింది. మొన్న వేసవిలో చేసిన రక్తపరీక్షలో సిఫిలిస్ అనే సుఖవ్యాధి ఉందని వచ్చింది. నస్పూర్ బొగ్గుబావిలో పనిచేసే మా ఆయన కూడా పరీక్ష చేయించుకున్నాడు. ఆయనకేమీ లేదని తేలింది. దాంతో తప్పు నాదేనని అనుకున్నారు. ఆయన మాట్లాడటం మానేశాడు. అత్తమ్మ నా చేతి నీళ్లు ముట్టలేదు.

మా బాపు అల్లుణ్ని బతిమాలితే ఈ కొత్త డాక్టరమ్మ దగ్గరికి వచ్చాం. హైదరాబాద్‌కు పంపిన రక్తం రిపోర్టు ఈ రోజు ఆమె చేతికొచ్చింది.

"నీకు గా రోగం లేదమ్మా. రోగాలతోని కొట్లాడాల్సిన శక్తి నీ ఒంటి మీదనే తిరగబడి రక్తం గడ్డ కట్టిస్తున్నది. అందుకే కడుపు నిలుస్తలేదు. గసొంటోళ్లకు గా పరీక్ష ఒక్కోసారి తప్పు చూపెడతది."

మందేమిటంటే రోజూ చిన్న ఆస్పిరిన్ గోలీ, కడుపు నిలిచాక సూదులు. తలనొప్పికి వేసుకునే గోలీ!

బస్సులో మా ఆయన వాళ్లమ్మ మాట ఎత్తి నెమ్మదిగా, "అవ్వకు నేనే చెప్త. నువ్వు పరేషాన్ కాకు" అన్నాడు.

"అవ్వకు చెప్తవు సరే. నాకేం చెప్తవు?" అన్నాను.

మంచిర్యాల వచ్చింది. దిగేటప్పుడు నా సంచి అందుకోబోయాడు. నేను ఇవ్వలేదు.

రేపటి నుంచి గోలీ వేసుకుంటాను. బిడ్డ కావాలనే ఉంది. ఆయన్ను క్షమించాలో వద్దో మాత్రం తోచడం లేదు. మీరైతే ఏం చేసేవారు?